కాలర్ మిషను ఏ వేళకు ఆగిందో గోడ మీద చూపరాదని

తేదీ: ఆదివారం

కార్మిక సంక్షేమ అధికారి గారి సముఖమునకు,

చొక్కాల కుట్టు కర్మాగారము, రెండవ అంతస్తు, ఇస్త్రీ బల్ల వద్ద పనిచేయు కార్మికురాలు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: కుట్టు మిషను ఏ వేళకు ఆగినది, ఏ వేళకు మరల కదిలినది అను వివరమును గోడ బోర్డు మీద అందరికీ కనబడునట్లు చూపుట మాన్పించుట గురించి, మరియు రేపు సోమవారం నాడు తమరి సమక్షమున జరుగనున్న కాలర్ల దొంగతనపు విచారణను ఆ లోపుననే రద్దు చేయించుట గురించి.

సూచిక: ఏదియు లేదు. ఇదివరకు మేనేజరు గారితో నోటిమాటగా మొరపెట్టుకొన్నదే గాని కాగితం పెట్టలేదు. పెట్టి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో.

మా ఆయన బ్రతికి ఉన్నంతకాలం కోర్టు మెట్ల మీద కూర్చుని పదిమందికీ అర్జీలు వ్రాసిపెట్టినవారు. "అర్జీలో ఏడుపు కనబడకూడదు, అంశాలు కనబడాలి" అనేవారు. కనుక అంశముల వారీగా విన్నవించుకొనుచున్నాను. మధ్యలో ఎక్కడైనా ఏడుపు కనబడితే అది ఆయన నేర్పినది కాదని మనవి.

అధికారి గారి కంటే ముందుగా ఈ కవరు విప్పిన గుమస్తా గారికి: నాయనా, ఇక్కడితో ఆపి లోపలికి పంపించెయ్యి. మూడో అంశం నీకోసం రాసింది కాదు.

1. సదరు కర్మాగారములో కొన్ని నెలల క్రిందట ప్రతి కుట్టు మిషనుకు అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి బిగించినారు. మిషను తిరిగితే ఆ పెట్టెకు తెలుస్తుంది. ఆగితే కూడా తెలుస్తుంది. పెట్టెలన్నీ తమకు తెలిసినదంతా గోడ మీది పెద్ద బోర్డుకు చేరవేస్తాయి. బోర్డు మీద మిషనుకొక గీత, పక్కన కుట్టే మనిషి పేరు. మిషను నడుస్తున్నంతసేపు గీత పైపైన పోతుంది, ఆగగానే గుంటలో పడుతుంది. పొద్దున పని మొదలైనది మొదలు ఎవరు ఏ వేళకు గుంటలో పడ్డారో, ఎంతసేపటికి లేచారో అంతా గోడ మీద పరచి ఉంటుంది. ఎక్కడ పని నిలిచిపోతోందో తెలిస్తే అక్కడికి మనిషిని సాయం పంపవచ్చునని మేనేజరు గారి ఉద్దేశము. ఉద్దేశం మంచిదే. మేనేజరు గారు కూడా మంచివారే. మంచివాళ్ళతో వచ్చిన చిక్కు ఏమిటంటే, వాళ్ళ మీద కేకలేయడానికి మనసొప్పదు.

2. సదరు బోర్డు నా ఇస్త్రీ బల్లకు సరిగ్గా ఎదురుగా ఉన్నది. ఇస్త్రీ పెట్టె పట్టుకున్నప్పుడు పని చేతికే గాని కళ్ళకు అంతగా ఉండదు, కనుక రోజంతా దానిని చూస్తాను. కుట్టేవాళ్ళు కూడా తలెత్తినప్పుడల్లా చూస్తారు. చూసి చూసి మాకందరికీ ఆ గీతలు చదవడం వచ్చేసింది. చొక్కా చేతులు కుట్టే ఆవిడకు చక్కెర జబ్బు మళ్ళీ ఎక్కువైందని, ఆమె మాటిమాటికీ లేస్తున్న తీరు చూసి ఆమె డాక్టరు కంటే ముందు మేం పసిగట్టాము. బొత్తాలు కుట్టే ఆవిడ భర్తతో ఫోనులో ఎన్నిసార్లు పోట్లాడిందో ఇంటికి పోయేలోపు అందరికీ లెక్క తెలుస్తుంది. జేబులు కుట్టే పెళ్ళికాని పిల్ల గీత, మెకానిక్కు మా అంతస్తుకు వచ్చినప్పుడల్లా గుంటలో పడుతుంది. మెకానిక్కు వచ్చేది వేరేవాళ్ళ మిషను బాగుచేయడానికి. ఆ పిల్ల వాళ్ళ నాన్నగారు మా గిడ్డంగిలోనే పనిచేస్తారు. ఆయన ఇంకా బోర్డు చదవడం నేర్చుకోలేదు గనుక సరిపోయింది.

కాలర్లు కుట్టే వరుస మాత్రం బోర్డు కిందనే, దానికి వీపు పెట్టి కూర్చుంటుంది. వాళ్ళ గీతలు వాళ్ళకు తప్ప అందరికీ కనబడతాయి. ఆ వరుసలో చివరి మిషను నా కోడలిది.

3. నా కోడలి గీత ఇదివరకు తారు రోడ్డులాగా సాఫీగా ఉండేది. పని మొదలుపెట్టిందంటే తలెత్తదు. గత కొద్ది వారములుగా సదరు గీత పొద్దున పని మొదలైన కాసేపటికి ఒకసారి, మధ్యాహ్నం భోజనాల ముందు ఒకసారి గుంటలో పడుచున్నది. నా బల్ల మీద గంజి చొక్కాలకు ఆవిరి పట్టే రోజుల్లో అయితే ఇంకోసారి కూడా. సదరు గుంటలకు గల కారణము ఈ అర్జీలో వ్రాయదగినది కాదు.

వ్రాయదగినది కాదు గాని, వ్రాయకపోతే తమకు మిగతా అంశాలు అర్థం కావు. నెల తప్పింది అయ్యా. వేవిళ్ళు. గంజి ఆవిరి వాసన ముక్కుకు తగిలితే చాలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పరుగెడుతుంది. పరుగెత్తే మనిషి గోడ వంక చూడదు కదా, తన వెనక ఏం రాసి ఉందో ఆ పిల్లకు తెలియనే తెలియదు.

ఈ సంగతి నా కోడలు నాకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. గోడ చెప్పింది. గోడలకు చెవులుంటాయని వింటూ వచ్చాను గాని నోరు కూడా ఉంటుందని ఈ ముసలితనంలో తెలిసింది. మా అంతస్తులో చాలామంది పిల్లల్ని కన్నవాళ్ళే, ఒకరికి ఒకరు చెప్పుకోనక్కర్లేకపోయింది. ఒకరోజు టీ అమ్మే పెద్దాయన వచ్చి గోడ వంక చూసి, "మీ కోడలుగారికి టీ వద్దులెండి, పాలిస్తాను" అన్నాడు.

"నీకెవరు చెప్పారయ్యా?" అన్నాను.

"చెప్పేదేముందమ్మా, నాకు నలుగురు పిల్లలు" అన్నాడు.

4. ఆమె ఎందుకు దాచుచున్నదో తమకు తెలియవలెను. నా కొడుకు బస్సు కండక్టరు. నా కడుపున పుట్టినవాడే అయినా చెబుతున్నాను, వాడి నోట్లో నువ్వుగింజ నానదు. పోయినసారి భార్య చెవిలో చెప్పిన మాటను ఆ రోజే టికెట్లతో పాటు బస్సంతా పంచాడు. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెతలో పేరు పెట్టినవాడు నయం, వీడు డ్రైవరుతో కలిసి బిడ్డకు పేరే కాదు, బడి కూడా ఖాయం చేశాడు. మూడో నెల దాటకుండానే పోయింది.

ఆ తరువాత ఆమె అదే బస్సెక్కి పనికి వస్తుంటే ప్రతి స్టాపులోనూ ఎవరో ఒకరు ఎక్కి "ఎన్నో నెలమ్మా?" అని అడిగేవారు. వాళ్ళ తప్పేమీ లేదు, మంచి మాటే అడిగారు. ఆమె ప్రతివాళ్ళకూ లేదని చెప్పుకోవలసి వచ్చేది. వాళ్ళు నొచ్చుకుంటే వాళ్ళను మళ్ళీ ఈమే ఓదార్చవలసి వచ్చేది. ఒకరోజు ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో కూర్చుని నాతో అంది:

"పోయింది ఒక్కసారే అత్తయ్యా. నేను మాత్రం రోజూ పోగొట్టుకుంటున్నాను."

ఆ మరుసటి రోజు నుంచి బస్సు మానేసి నడిచి వస్తోంది. నా కొడుక్కి కూడా బుద్ధొచ్చింది, వచ్చిందనే అనుకుంటున్నాడు. ఈసారి గట్టిపడిందని డాక్టరమ్మ చెప్పేదాకా ఆగి, తనంతట తాను, తనకు నచ్చిన రోజున, తన నోటితో చెబుదామని ఆ పిల్ల కోరిక. ఈ కోరిక కూడా ఆమె నాకు చెప్పినది కాదు. ఒకే వంటింట్లో మసలేవాళ్ళకు ఇంతమాత్రం తెలియకపోతే ఎలా.

5. పై కారణముల రీత్యా నేను మొదట మేనేజరు గారి వద్దకు పోయి సదరు బోర్డును తీయించవలసినదిగా వేడుకొన్నాను. ఎందుకన్నారు. కారణం చెప్పరాదు గనుక, తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టు, కళ్ళు లాగుతున్నాయన్నాను. ఆయన ఎంతో నొచ్చుకొని వారం తిరగకుండా ఇంతకు రెండింతలు పెద్ద బోర్డు తెప్పించారు. "ఇప్పుడు హాయిగా కనిపిస్తోందా అమ్మా?" అని నా బల్ల దగ్గరకు వచ్చి మరీ అడిగారు. కనిపిస్తోందన్నాను. గేటు దగ్గరి కాపలా మనిషికి కూడా కనిపిస్తోంది.

(అ) రెండవసారి పోయి, బోర్డు ఉంటే ఉండనీయండి గాని పేర్లు తీసేయండి అన్నాను. ఆయన వెంటనే పేర్లు తీయించి అంకెలు వేయించారు. ఇక ఎవరిది ఏదో ఎవరికీ తెలియదని సంతోషించారు. అయ్యా, పన్నెండో గీత గుంటలో పడిన క్షణాన హాలు మొత్తంలో లేచి వెళ్ళే మనిషి ఒక్కతే ఉంటే, పన్నెండు అన్నది ఇక అంకె కాదు, ఆమె పేరే.

(ఆ) మూడవసారి పోయి ఇదే మనవి చేసుకోగా, ఏ అంకె ఎవరిదో రోజూ మారేటట్లు ఏర్పాటు చేయించారు. మరుసటి రోజు పొద్దున బొత్తాల ఆవిడ గోడ వంక ఒక్క చూపు చూసి, "ఇవాళ ఏడో నంబరు మన పిల్ల" అంది. మనిషి ముసుగు వేసుకున్నా నడక పట్టిస్తుంది. పొద్దున ఒక గుంట, భోజనాల ముందు ఒక గుంట, ఆ నడక ఇంకెవరికీ లేదు.

(ఇ) నాలుగవసారి, "ఇన్ని కాలర్లు కుట్టారని సాయంత్రం ఒక్కసారి వేయండి బాబూ, ఏ వేళకు ఏమైందన్నది గోడకెందుకు?" అని అడిగాను.

"వేళ లేకపోతే ఆ లెక్కకు విలువేముందమ్మా" అన్నారు ఆయన. నేను నాలుగు గుక్కల నీళ్ళు తాగి నా బల్ల దగ్గరకు వచ్చేశాను.

6. ఇంటి వద్ద నా పరిస్థితి. తెలిసినదానిని తెలియనట్లు నటించుట అను ఈ కొత్త ఉద్యోగమునకు ఆదివారం సెలవు కూడా లేదు. మా నీళ్ళ కొళాయి కింద ఉంటుంది, మేము పైన ఉంటాము. ఆ పిల్ల బకెట్టు ఎత్తుతుంటే నా ప్రాణం పైపైనే పోతోంది, వద్దనడానికి కారణం లేదు. నా నడుం నొప్పికి బరువులెత్తమని డాక్టరు చెప్పాడని అబద్ధమాడి బకెట్లు నేనే మోయడం మొదలుపెట్టాను. నడుం నొప్పికి బరువులెత్తమనే డాక్టరు ఎక్కడుంటాడని ఆమె అడగలేదు, మర్యాద తెలిసిన పిల్ల. నా కొడుకు మాత్రం చూశాడు.

"అమ్మ చేత నీళ్ళు మోయిస్తావేంటి?" అన్నాడు భార్యతో.

"నేను తెస్తానంటే వినట్లేదు."

"వినకపోతే లాక్కో."

లాక్కుంది. ఇద్దరం మెట్ల మీద ఒకే బకెట్టును చెరోవైపు పట్టుకుని గుంజుకున్నాము. "ఇవ్వండి అత్తయ్యా", "వదులమ్మా", "మీరు వదలండి". నీళ్ళన్నీ కింది వాటావాళ్ళ గుమ్మంలోకి పోయాయి. అత్తాకోడళ్ళు నీళ్ళ దగ్గర కొట్టుకుంటున్నారని వీధిలో పేరొచ్చింది. ఎదురింటావిడ నన్ను పక్కకు పిలిచి, ఈకాలపు కోడళ్ళు అంతేనమ్మా అని ఓదార్చింది. నేను కూడా అవునమ్మా అని నిట్టూర్చాను. ఆ పేరు చాటున అసలు సంగతి దాగుతుంది గనుక కాదనలేదు.

ఇంకా: బీరువా పైనున్న పరుపు దించనీయకుండా దాని మీద బల్లి ఉందన్నాను. నా కొడుకు కర్ర తీసుకుని పరుపంతా వెతికాడు. ఇటువంటివి చాలా ఉన్నవి, తమరి సమయము వృథా చేయను.

7. ఇంతలో రెండవ అంతస్తులోని ఆడవాళ్ళమందరమూ నా కోడలికి తెలియకుండా ఒక ఏర్పాటు చేసుకొన్నాము. సదరు ఏర్పాటుకు పెద్ద, నా కోడలి పక్క మిషను మీద కఫ్‌లు కుట్టే ఆవిడ. పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా మాట్లాడుతూనే ఉంటుంది గనుక అందరూ రేడియోపిన్ని అంటారు. కోడలు లేచినప్పుడల్లా అందరం ఒకేసారి మిషన్లు ఆపేస్తే ఎవరి గుంట ఏదో ఎవరికీ తెలియదని ఆవిడ అంది. మాకు చాలా తెలివైన మాటగా తోచింది.

ఆపాము. గోడ మీది గీతలన్నీ ఒక్కసారిగా గోతిలో పడ్డాయి. కరెంటు పోయిందనుకుని ఎలక్ట్రీషియను పరుగెత్తుకొచ్చాడు, సమ్మె అనుకుని మేనేజరు గారు పరుగెత్తుకొచ్చారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"మీ డిమాండ్లేమిటో చెప్పండమ్మా, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు.

మాకు డిమాండ్లు లేవు. ఏదో ఒకటి చెప్పక తప్పదు గనుక ఫ్యాన్లు కావాలన్నాము. నా కోడలు మొహం కడుక్కుని వచ్చేసరికి హాలంతా ఫ్యాన్ల గురించే మాట్లాడుతోంది. "నాకూ ఈమధ్య గాలాడట్లేదు" అని ఆమె కూడా అంది, పాపం. ఫ్యాన్లు వచ్చాయి. అందుకు మేనేజరు గారికి ఈ అర్జీ మూలముగా కృతజ్ఞతలు.

రెండవ ఏర్పాటు: రేడియోపిన్నికి కాళ్ళు పొడుగు. నా కోడలు లేవగానే ఆవిడ తన కుర్చీలోంచే కాలు చాపి కోడలి మిషను పెడలు నొక్కేది. గుడ్డ ఉండదు, సూది ఊరికే గాలిని కుడుతుంది. పెట్టెకు మిషను తిరిగిందనే తెలుస్తుంది గాని సూది కింద ఏముందో తెలియదు. రెండు రోజులు తిరిగేసరికి గోడ మీద గీత మళ్ళీ తారు రోడ్డయింది. "కుదుటపడ్డట్టుందమ్మా" అన్నాడు టీ పెద్దాయన. నేను అవునన్నాను.

"నీ కాలు బంగారం కాను" అన్నాను రేడియోపిన్నితో.

"బంగారమేమో గాని వదినా, పిక్క పట్టేస్తోంది. మీ మనవడు పుట్టాక నా కాలికి సన్మానం చెయ్యాలి."

8. నెలాఖరున లెక్క చూసిరి. మిషను తిరిగిన సేపును బట్టి పెట్టె కట్టిన లెక్క ప్రకారం నా కోడలు కుట్టిన కాలర్లు చాలా, బుట్టలోకి వచ్చిన కాలర్లు తక్కువ. మిగతావి ఎక్కడికి పోయాయి? గాలికి కుట్టిన కాలర్లు గాలిలోనే ఉంటాయి అయ్యా. ఆ మాట చెప్పడానికి మాలో ఒక్కరికీ నోరు రాలేదు. రేడియోపిన్ని పరిస్థితి తేలు కుట్టిన దొంగలాగా ఉంది. నేనే నొక్కానంటే ఎందుకు నొక్కావంటారు. ఆమె లేచింది గనుక నొక్కానంటే ఆమె ఎందుకు లేచిందంటారు. రోజంతా మోగే మనిషి ఆ రోజు నుంచి నోరు విప్పలేదు. హాలు బోసిపోయింది.

కోడలిని మేనేజరు గారు గదిలోకి పిలిచి అడిగారు. ఇస్త్రీ చేసిన చొక్కాలు ఇచ్చే నెపంతో నేను కూడా వెళ్ళి గుమ్మం పక్కన నిలబడ్డాను.

"మిగతా కాలర్లు ఏం చేశావమ్మా?"

"కుట్టినవన్నీ బుట్టలోనే వేశానండి."

"నువ్వు ఎక్కడా ఆపకుండా కుట్టినట్టు బోర్డు చెబుతోంది. మధ్యలో లేచేదానివా?"

ఆమె ఆలోచించింది. లేచానంటే ఎందుకని అడుగుతారు. లేవలేదంటే కాలర్లు ఏవంటారు. అడకత్తెరలో పోకచెక్కలా అయింది ఆ పిల్ల పని.

"లేవలేదండి" అంది.

అయ్యా, ఆమె అబద్ధమాడగా నేను వినడం అదే మొదలు. దొంగ అనిపించుకోవడానికి సిద్ధపడింది గాని ఆ మాట మాత్రం బయటపెట్టలేదు. అంత పదిలంగా దాచుకుంటున్నదాన్ని మేమందరం కలిసి దొంగతనం కింద మార్చాము. నేను నా బల్ల దగ్గరకు వచ్చి ఏం చేస్తున్నానో తెలియక ఒక చొక్కా మాడ్చేశాను. దాని గురించి వేరే అర్జీ పెట్టుకుంటాను.

9. ఇప్పుడు విచారణ. రూలు ప్రకారం తమరి ముందు జరగాలట. పాత గీతలన్నీ ఆ పెట్టెల్లో దాచే ఉన్నాయట, వాటిని వారాల వారీగా గోడ మీద పరచి, ఆమె మొదట ఏ వేళల్లో లేచేది, తరువాత లేవడం ఎందుకు మానింది అని ఒక్కొక్క గుంటకూ ఆమెను సంజాయిషీ అడుగుతారట. తమరితో పాటు మేనేజరు గారు, గిడ్డంగి పెద్ద, పెట్టెలు బిగించిన ఇంజనీరు, అందరూ మగవాళ్ళే కూర్చుంటారు.

కార్మికురాలి తరఫున ఇంటి మనిషి ఒకరు రావచ్చునని కాగితంలో వ్రాసినందున నా కొడుకు సెలవు పెట్టాడు. "నా భార్య దొంగ కాదని నేను నిలబడి చెబుతాను" అన్నాడు. మంచివాడే అయ్యా. తమరి దగ్గర చెప్పడానికి ముందు బస్సులో చెప్పాడు. వాళ్ళు ఈమెను ఎరిగినవాళ్ళు గనుక, సగం మంది సాక్ష్యానికి వస్తామన్నారట. కనుక రేపు తమరి ఆఫీసు వరండాలో ఒక అర బస్సు జనం ఉంటారని ముందుగా తెలియజేసుకొనుచున్నాను. వాళ్ళందరి ముందు ఆ పిల్ల చేత ఆ మాట చెప్పించవద్దు. నా కొడుకు కూడా ఆ మాట అక్కడ, వాళ్ళ మధ్య నిలబడి వినకూడదు.

10. కావున ప్రార్థించునది ఏమనగా,

(అ) మనిషిని అడగక ముందు గుడ్డను అడగండి. కత్తిరించిన కాలరు ముక్కలు ఇన్ని, కుట్టినవి ఇన్ని, కుట్టకుండా మిగిలినవి ఇన్ని. కూడితే సరిపోతాయి. ఏదీ పోనప్పుడు దొంగ ఉండదు, దొంగ లేనప్పుడు ఎవరు ఏ వేళకు లేచారన్న ప్రశ్న ఉండదు.

(ఆ) ఇకమీదట వరుస మొత్తానికి కలిపి రోజు లెక్క ఒక్కటే, పని అయ్యాక చూపించండి. ఎక్కడైనా పని నిలిచి సాయం పంపవలసి వస్తే నోరు పెట్టి పిలుస్తాము, మా అంతస్తులో నోళ్ళకు కొరత లేదు.

(ఇ) దాచిన పాత గీతలను చెరిపించండి. మేము తప్పు పని చేసి దాచుకోవడం లేదు. మనిషన్నాక లేస్తుంది, కూర్చుంటుంది. అయితే ఏ వేళకు లేచింది, ఎంతసేపు, ఎన్నాళ్ళుగా అన్నది వరుసగా పేర్చి చూపితే అది పని లెక్క కాదు అయ్యా, ఆమె కడుపు లెక్క. ఆ లెక్క చెప్పే హక్కు గోడకు లేదు, నాకూ లేదు.

(ఈ) రేడియోపిన్నిని ఏమీ అనవద్దు. గాలిని కుట్టడం ఏ సెక్షను కింద నేరమో మా ఆయన ఉంటే చూసి చెప్పేవారు.

తమరు ఈ అర్జీని దయతో చిత్తగించి, చిత్తగించిన వెంటనే మూడవ అంశమును మరచిపోవలెనని మరీ మరీ కోరుకొనుచున్న,

తమ విధేయురాలు,
ఇస్త్రీ బల్ల కార్మికురాలు

(నా పేరు గాని, కోడలి పేరు గాని వ్రాయలేదు. పేరు లేనంత మాత్రాన దాగేది ఏమీ లేదని అయిదవ అంశములో చెప్పుకొన్నాను, అయినా మనసు ఊరుకోలేదు.)

తా.క.: కవరు అంటించబోతూ మళ్ళీ విప్పి ఇది రాస్తున్నాను. అర్జీ భాష వెతుక్కునే ఓపిక లేదు, మన్నించండి.

ఇప్పుడే కోడలు వచ్చి నా పక్కన కూర్చుంది. కొడుకు డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. కాగితాలు దిండు కింద పెట్టేశాను. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా మొహం చూడకుండా అంది:

"రేపు ఆఫీసరు గారి ముందు చెప్పక తప్పేలా లేదు అత్తయ్యా. పరాయివాళ్ళు వినేలోపు మీరు వినాలి. నేను మధ్యలో లేచిన మాట నిజమే. కాలర్లు మాత్రం తియ్యలేదు. ఎందుకు లేచేదాన్నంటే..."

చెప్పేసింది.

ఆ మాట విన్నప్పుడు ఎలా ఆశ్చర్యపోవాలో నేను అద్దం ముందు నిలబడి నేర్చుకుని పెట్టుకున్నాను అయ్యా. కళ్ళు పెద్దవి చేయడం, బుగ్గన వేలేసుకోవడం, ఎప్పుడు, ఎన్నో నెల అని అడగడం. ఏదీ పనికి రాలేదు. ఆ పిల్ల శుభవార్త చెబుతున్నట్టు చెప్పలేదు. సంజాయిషీ ఇస్తున్నట్టు చెప్పింది. లేచిన వేళలు కూడా చెప్పింది, నేనేదో అడిగినట్టు. ఇన్నాళ్ళు దాచుకుని, మంచి రోజు చూసుకుని చెబుదామనుకున్న మాటను కాలర్ల లెక్కలో కలిపి నా చేతిలో పెట్టింది. నాకు ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. కోపం ఆమె మీద కాదు.

"ఏమన్నావో వినపడలేదమ్మా" అన్నాను.

ఆమె మళ్ళీ మొదలుపెట్టబోయింది.

"ఇప్పుడొద్దు. ఇవాళ నాకు చెవులు సరిగ్గా లేవు. నీకు చెప్పాలనిపించిన రోజున, నవ్వుతూ చెప్పాలనిపించిన రోజున చెప్పు. ఆ రోజుకి బాగవుతాయి."

ఆమె నా వంక చూసింది. తరువాత నా భుజం మీద తల పెట్టుకుంది. ఇప్పుడు లోపలి గదిలో పడుకుని ఉంది.

రేపు పొద్దున తమరు ఆఫీసు గది తలుపు తెరిచే వేళకు గుమ్మంలో నిలబడి ఈ కవరు తమరి చేతికే ఇస్తాను. గుడ్డ ముక్కలు లెక్కపెట్టించి విచారణ ఆపించండి అయ్యా. నేను వినలేదు, తమరు చదవలేదు. ఆ పిల్ల ఈ మాట ఇంకా ఎవరికీ చెప్పలేదు, మొదటిసారి చెప్పాల్సి ఉంది.